ఎడిటర్ మార్చే ముందు, ఏ పొర ఇబ్బంది పెడుతోందో తేల్చుకోండి

కోడ్ రాసే ఎడిటర్ మార్చాలనుకునేవాళ్లు చెప్పే కారణాలు నాలుగైదే. బరువైపోయింది, నొక్కిన అక్షరం ఆలస్యంగా పడుతోంది, మెమరీ మింగేస్తోంది, ఏ సమాచారం ఎక్కడికి పంపుతోందో తెలియదు, అడగని ఏఐ బటన్లు ప్రతి అప్‌డేట్‌తోనూ పెరుగుతున్నాయి. అన్నీ నిజమైన కారణాలే. కానీ వాటిలో చాలా వరకు ఎడిటర్ మార్చినంత మాత్రాన పోవు, కొత్తదాని వెంట మళ్లీ వస్తాయి. మనం ఎడిటర్ అని ఒకే పేరుతో పిలిచేది ఇవాళ నాలుగు పొరల కట్ట. విసిగిస్తున్నది ఏ పొరో తెలియకుండా మొత్తం కట్టనే మార్చేస్తే శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ.

అడుగున ఉన్నది టెక్స్ట్ పొర. ఫైల్ తెరవడం, తెరపై గీయడం, కీ నొక్కితే అక్షరం చేర్చడం, అన్‌డూ, వెతుకులాట దీని పనులు. దానిపైన రంగుల పొర. పాత పద్ధతిలో ఇది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే అక్షరాల నమూనాలతో, ఒక్కో లైనూ చదువుతూ రంగులు వేస్తుంది. అందుకే నాలుగైదు లైన్లు సాగే స్ట్రింగ్ మధ్యలో ఒక్కోసారి రంగులు తారుమారవుతాయి. కొత్తగా వచ్చిన ట్రీ సిట్టర్ ఫైల్ మొత్తానికీ వ్యాకరణ వృక్షం కట్టి, మీరు మార్చిన ముక్కను మాత్రమే మళ్లీ విశ్లేషిస్తుంది. మూడోది లాంగ్వేజ్ సర్వర్. ఈ ఫంక్షన్ ఎక్కడ రాశారు, ఈ పేరు ఎక్కడెక్కడ వాడారు, ఇక్కడ టైప్ తప్పింది అని చెప్పేది అదే. నాలుగోది డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం), గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది), టెర్మినల్, దూరపు మెషీన్‌లో ఫైళ్లు తెరవడం లాంటి అనుబంధాలు.

మూడో పొర చరిత్ర తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ సంస్థలు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను, అంటే ఎడిటరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతిని, ప్రకటించాయి. అంతకుముందు ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాష కోసం విడిగా ప్లగిన్ రాయాల్సి వచ్చేది. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే రెండు వందల ప్లగిన్లు. ఇప్పుడు భాషకు ఒక సర్వర్, ఎడిటర్‌కు ఒక క్లయింట్ చాలు, ముప్పైతో సరి. విమ్‌లోనైనా విజువల్ స్టూడియో కోడ్‌లోనైనా సీ++ కోడ్‌ను అర్థం చేసుకునేది ఒకే క్లాంగ్‌డీ సర్వర్ కావచ్చు. చిన్న ఎడిటర్లు మళ్లీ పోటీలోకి రావడానికి కారణం ఇదే. ఎడిటర్ మార్చినా మెమరీ వాడకం తగ్గకపోవడానికీ కారణం ఇదే. పెద్ద రస్ట్ ప్రాజెక్టులో రస్ట్ ఎనలైజర్, పెద్ద జావా ప్రాజెక్టులో ఎక్లిప్స్ వారి జావా సర్వర్ జీబీల లెక్కన మెమరీ తీసుకుంటాయి. అడిగేది ఏ ఎడిటరైనా వాటి ఆకలి మారదు.

ముందు తప్పు ఎవరిదో పట్టుకోండి

ఎక్కువమంది వదిలేయాలనుకునేది విజువల్ స్టూడియో కోడ్‌నే కాబట్టి దాంతోనే మొదలుపెడదాం. హెల్ప్ మెనూలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. విండో ప్రాసెస్ బరువుగా ఉంటే తప్పు మొదటి పొరది. ఎక్స్‌టెన్షన్లను (అదనంగా తెచ్చుకునే చేర్పులను) నడిపే ఎక్స్‌టెన్షన్ హోస్ట్ బరువుగా ఉంటే ఏదో ఎక్స్‌టెన్షన్‌ది. దాని కింద విడిగా నడుస్తున్న సర్వర్ బరువుగా ఉంటే మూడో పొరది. ఈ మూడో సందర్భంలో ఎడిటర్ మార్చడం దండగ. సర్వర్ సెట్టింగులు చూసుకోవాలి, లేదా అది ఇండెక్స్ చేసే ఫోల్డర్లు తగ్గించాలి.

ఎక్స్‌టెన్షన్ మీద అనుమానముంటే కమాండ్ ప్యాలెట్‌లో (ఆజ్ఞ పేరు టైప్ చేసి వెతికే పెట్టెలో) ‘షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్’ నొక్కండి. ఒక్కోటీ మేల్కొనడానికి ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుందో కనిపిస్తుంది. అక్కడ తేలకపోతే ‘స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ ఉంది. అది సగం ఎక్స్‌టెన్షన్లు ఆపి, సమస్య ఉందా లేదా అని అడుగుతూ పోతుంది. ముప్పై ఎక్స్‌టెన్షన్లున్నా ఐదు ప్రశ్నల్లో దొంగ దొరుకుతుంది.

లైనక్స్‌లో మరో చిక్కుంది. ఫోల్డర్‌లో మార్పులు గమనించడానికి ఎడిటర్లు కెర్నెల్‌లోని ఐనోటిఫై మీద ఆధారపడతాయి. ఎన్నిటిని గమనించవచ్చో దానికి యూజర్‌కు ఇన్ని అని పరిమితి ఉంటుంది. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లోని నోడ్ మాడ్యూల్స్ లాంటి, వేల ఫైళ్లున్న ఫోల్డర్లు ఆ కోటాను ఊడ్చేస్తాయి. అప్పుడు బయట మారిన ఫైల్ ఎడిటర్‌లో పాతదిగానే కనిపిస్తుంది. నోడ్ మాడ్యూల్స్‌నూ బిల్డ్ ఫోల్డర్లనూ వాచర్ మినహాయింపుల్లో పెట్టడం మొదటి మందు. సరిపోకపోతే కెర్నెల్ పరిమితిని 524288కి పెంచడం రెండోది. ఎడిటర్ మార్చినా ఈ గోడ అక్కడే ఉంటుంది.

పెద్ద ఫైళ్ల సంగతి వేరు. ఇక్కడ ఎడిటర్ల మధ్య తేడా నిజంగానే ఉంది. చాలాసార్లు ఇబ్బంది ఫైల్ సైజుతో కాదు, లైన్ పొడవుతో. ఒకే లైన్‌లో ఉన్న ఐదు ఎంబీల జేసన్ ఫైల్, లక్ష లైన్ల లాగ్ కంటే ఎక్కువ ఏడిపిస్తుంది. విజువల్ స్టూడియో కోడ్ డిఫాల్ట్‌గా 20,000 అక్షరాలు దాటిన లైన్‌కు రంగులు వేయడం మానేస్తుంది. విమ్ 3,000వ కాలమ్ తర్వాత ఆపుతుంది. ఈమాక్స్ ఏళ్ల తరబడి పొడవాటి లైన్ల దగ్గర బిగుసుకుపోయేది, 29వ వెర్షన్‌లో బాగుపడింది. ఇక గిగాబైట్ల లాగ్ ఫైల్‌ను ఎడిటర్‌తో తెరవనే వద్దు. టెర్మినల్‌లో చదవడానికి లెస్, వెతకడానికి రిప్‌గ్రెప్ ఉన్నది అందుకే.

ఒకే సోర్స్, రెండు లైసెన్సులు

సమాచార సేకరణే మీ అభ్యంతరమైతే అందరూ చెప్పే జవాబు విఎస్‌కోడియం. జవాబు సరైనదే, కానీ సగమే. విజువల్ స్టూడియో కోడ్ సోర్స్ ఎంఐటీ లైసెన్స్‌లో ఉంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించుకునే ప్రోగ్రామ్ మాత్రం వేరే సొంత లైసెన్స్‌తో, టెలిమెట్రీతో (వాడకం సమాచారం కంపెనీకి పంపే ఏర్పాటుతో) వస్తుంది. అదే సోర్స్‌ను టెలిమెట్రీ లేకుండా కంపైల్ చేసి ఇచ్చేది విఎస్‌కోడియం. చూడటానికి కవలలు. తేడా ఎక్స్‌టెన్షన్ల దగ్గర బయటపడుతుంది.

మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ నిబంధనల ప్రకారం అక్కడి ఎక్స్‌టెన్షన్లు ఆ కంపెనీ ఉత్పత్తుల్లోనే వాడాలి. అందుకే విఎస్‌కోడియం, ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్‌ఎక్స్ నుంచి ఎక్స్‌టెన్షన్లు తెచ్చుకుంటుంది. పైథాన్‌కి పైలాన్స్, మైక్రోసాఫ్ట్ సీ++ ఎక్స్‌టెన్షన్, దూరపు మెషీన్ల కోసం రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్, సీ షార్ప్ డీబగ్గర్ ఇలా బయట వాడకూడని కోవలోవి. ప్రత్యామ్నాయాలున్నాయి: పైలాన్స్ బదులు పైరైట్ లేదా బేస్డ్‌పైరైట్, సీ++కి క్లాంగ్‌డీ, రిమోట్‌కి ఓపెన్ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్, సీ షార్ప్‌కి నెట్‌కోర్‌డీబీజీ. క్లాంగ్‌డీ అయితే సర్దుబాటు కాదు, చాలామంది దాన్నే మెరుగంటారు. సీ షార్ప్ వాళ్లు మాత్రం కొంత సుఖం వదులుకోవాలి. కర్సర్, విండ్‌సర్ఫ్ లాంటి ఏఐ ఎడిటర్లు కూడా ఇదే సోర్స్ నుంచి చీలినవి కాబట్టి వాటికీ ఈ పరిమితులే.

మారే ముందు మీ పాత ఎడిటర్‌ను టెర్మినల్ నుంచి లిస్ట్ ఎక్స్‌టెన్షన్స్ ఆప్షన్‌తో పిలిచి జాబితా తీసుకోండి. ఒక్కో పేరూ ఓపెన్ వీఎస్‌ఎక్స్‌లో వెతకండి. పేరు కలిస్తే సరిపోదు, పెట్టింది అసలు తయారీదారేనా చూడాలి. ఎక్స్‌టెన్షన్ అంటే మీ యూజర్ అధికారాలన్నిటితో నడిచే ప్రోగ్రామ్. దూరపు మెషీన్లలోకి వెళ్లడానికి వాడే మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు కూడా దానికి అందుబాటులోనే ఉంటాయి. ఇంకోటి: విఎస్‌కోడియం తీసేసేది ఎడిటర్ టెలిమెట్రీని. ఎక్స్‌టెన్షన్లు తమంతట తాము పంపే సమాచారాన్ని అది ఆపలేదు.

మిగతా అభ్యర్థులు

మొదటి పొర నెమ్మదే మీ బాధ అయితే ఎలక్ట్రాన్ మీద కట్టని ఎడిటర్ కావాలి. ఎలక్ట్రాన్ అంటే ప్రతి అప్లికేషన్‌కూ ఒక క్రోమియం బ్రౌజర్. అది పుట్టిందే గిట్‌హబ్ వారి ఆటమ్ ఎడిటర్ కోసం. ఆటమ్‌ను 2022 డిసెంబర్ 15న మూసేశారు. దాని కోడ్‌ను పల్సార్ అనే పేరుతో వాలంటీర్లు కొనసాగిస్తున్నారు. ఆటమ్ కట్టినవాళ్లలో కొందరు బ్రౌజర్ వదిలేసి, రస్ట్‌లో రాసి, గ్రాఫిక్స్ కార్డుతో నేరుగా తెరపై గీసే జెడ్‌ను తయారుచేశారు. 2024 జనవరిలో సోర్స్ తెరిచారు, అదే ఏడాది లైనక్స్‌కీ 2025లో విండోస్‌కీ వచ్చింది. ట్రీ సిట్టర్, లాంగ్వేజ్ సర్వర్ క్లయింట్, డీబగ్గర్ అన్నీ లోపలే ఉన్నాయి. ఏఐ సదుపాయాలు మొత్తంగా ఆపేసే సెట్టింగ్ ఒక్కటే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైనా, వర్చువల్ మెషీన్‌లో నడుపుతున్నా మాత్రం చిక్కులు రావచ్చు. మరో సంగతి, భాషకు కావలసిన సర్వర్లను అది తనే ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది. నెట్ కట్టడి ఉన్న ఆఫీసు మెషీన్‌లో అది ఎందుకు పనిచేయడం లేదో తెలియక చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు.

సబ్‌లైమ్ టెక్స్ట్ 2008 నుంచి ఉంది. డబ్బు పెట్టి కొనాల్సిన ఎడిటర్, సోర్స్ మూసి ఉంటుంది. ట్రయల్‌కు గడువు లేదు, మధ్యమధ్య కొనమని గుర్తుచేస్తుంది. వేగంలో ఇవాళ్టికీ తీసిపోదు. టెర్మినల్, డీబగ్గర్ లోపల ఉండవు, ప్యాకేజీలతో తెచ్చుకోవాలి. విడి టెర్మినల్‌లో పనిచేసే అలవాటున్నవాళ్లకు ఇది లోటు కాదు.

కేట్‌ను కేడీఈ (లైనక్స్ డెస్క్‌టాప్) వాళ్ల నోట్‌ప్యాడ్ అనుకుని పక్కన పెడతారు, అది అన్యాయం. లాంగ్వేజ్ సర్వర్ క్లయింట్ అందులో వెంటే వస్తుంది, విండోస్‌లోనూ నడుస్తుంది. నోట్‌ప్యాడ్++ విండోస్‌కే పరిమితం. ఒక ఫైల్ తెరిచి, నాలుగు లైన్లు మార్చి, మూసేయడానికి అంతకన్నా మంచిది అక్కర్లేదు. ప్రాజెక్టు మొత్తాన్ని దాంట్లో నడపాలనుకుంటేనే ఇబ్బంది. పాత, చిన్న మెషీన్లకు జీనీ అనే ఎడిటర్ ఉంది.

కీబోర్డు వ్యాకరణం కావాలనుకుంటే

విమ్ వైపు వెళ్లడానికి చాలామంది చెప్పే కారణం వేగం. ఆ కారణం బలహీనం. అసలు కారణం వేరే: ప్రోగ్రామర్ కొత్తగా టైప్ చేసేదానికన్నా ఉన్న కోడ్‌ను చదవడం, కదపడం, సరిచేయడం ఎక్కువ. బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టిన వీఐ, బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ ఆ పనికి ఒక వ్యాకరణమే ఇచ్చాయి. డీ అంటే తీసెయ్, ఐ అంటే లోపలిది, తర్వాత కొటేషన్ గుర్తు. మూడూ వరసగా నొక్కితే కోట్స్ మధ్య ఉన్నదంతా పోతుంది. డీ బదులు సీ నొక్కితే, తీసేసి అక్కడే రాయనిస్తుంది. ఇరవై క్రియలు, ఇరవై కర్మలు నేర్చుకుంటే నాలుగు వందల ఆజ్ఞలు చేతికొస్తాయి.

ఈ వ్యాకరణం కోసం ఎడిటర్ మార్చక్కర్లేదు. ముందు విమ్‌తో వచ్చే విమ్ ట్యూటర్ అనే అరగంట పాఠం పూర్తిచేయండి. తర్వాత ఇప్పుడున్న ఎడిటర్‌లోనే విమ్ మోడ్ పెట్టుకుని రెండు వారాలు పనిచేయండి. దాదాపు ప్రతి పెద్ద ఎడిటర్‌కీ అది ఉంది. వేళ్లకు ఎక్కితే అప్పుడు విమ్ నుంచి చీలిన నియోవిమ్ గురించి ఆలోచించవచ్చు. ఎక్కకపోతే పోయిందేమీ లేదు.

నియోవిమ్ 0.5 వెర్షన్‌తో, 2021లో, లూవా భాషలో సెట్టింగులూ సొంత లాంగ్వేజ్ సర్వర్ క్లయింటూ వచ్చాయి. 2025 మార్చిలో వచ్చిన 0.11లో సర్వర్‌ను జోడించడం రెండు మూడు లైన్ల పనైంది. కాబట్టి నెట్‌లో కనిపించే పాత పాఠాలు చాలావరకు అవసరానికి మించి పొడవు. ఇక్కడ జనం పడే గుంట ఒకటే: ఎవరో సిద్ధం చేసిన యాభై ప్లగిన్ల సెట్టింగులు తెచ్చి పెట్టుకోవడం. మొదటి రోజు అద్భుతంగా ఉంటుంది. ఒక అప్‌డేట్ తర్వాత ఏదో విరుగుతుంది, ఏది ఎక్కడుందో తెలియదు. ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టి, లోటు తెలిసినప్పుడు ఒక్కో ప్లగిన్ చేర్చండి. ప్లగిన్ మేనేజర్ వెర్షన్లు నమోదుచేసే లాక్ ఫైల్‌ను గిట్‌లో పెట్టండి, విరిగిననాడు నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లొచ్చు.

సెట్టింగులు రాసే ఓపికే లేకపోతే హెలిక్స్. అన్నీ లోపలే ఉంటాయి. హెల్త్ ఆప్షన్‌తో నడిపితే ఏ భాషకు సర్వర్ దొరికింది, దేనికి దొరకలేదు అని పట్టికలో చూపిస్తుంది. విమ్‌లో క్రియ ముందు, కర్మ తర్వాత. ఇందులో ముందు ఎంచుకోవాలి, తర్వాత పని చెప్పాలి. ఏది ఎంపికైందో కళ్లముందు కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు ఇదే తేలిక. విమ్‌కు అలవాటుపడ్డ వేళ్లకు మాత్రం నరకం. ఇంకా ప్లగిన్ల వ్యవస్థ లేదు, ఉన్నదే సరిపోవాలి.

ఈమాక్స్ గురించి ఒకటే ప్రశ్న వేసుకోండి: మీ పనిముట్టును లిస్ప్ భాషలో మీరే మలచుకోవడం మీకు ఆనందమా, అదనపు పనా? ఆనందమైతే 1985 నాటి ఈ గ్నూ ఎడిటర్‌కు సాటి లేదు. 29వ వెర్షన్ నుంచి లాంగ్వేజ్ సర్వర్ క్లయింట్ ఎగ్లాట్, ట్రీ సిట్టర్ మద్దతు వెంటే వస్తున్నాయి. గిట్ కోసం ఉన్న మాగిట్ చూసి దీన్ని ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. విండోస్‌లో మాత్రం అదే మాగిట్ నత్తనడక నడుస్తుంది, ఎందుకంటే అది ఒక్కో తెరకూ అనేక గిట్ ప్రాసెస్‌లను పుట్టిస్తుంది, విండోస్‌లో ప్రాసెస్ పుట్టించడం ఖరీదైన పని.

మారిన మొదటి వారంలో విరిగేవి

సీ++ ఫైల్ తెరవగానే ప్రతి హెడర్ కిందా ఎర్రగీత. ఎడిటర్ తప్పు కాదు. ఏ ఫైల్‌ను ఏ ఆప్షన్లతో కంపైల్ చేస్తారో క్లాంగ్‌డీకి తెలియదు, కంపైల్ కమాండ్స్ అనే జేసన్ ఫైల్ కోసం చూస్తుంది. బిల్డ్ సాధనం సీమేక్ అయితే అందులో ఎక్స్‌పోర్ట్ కంపైల్ కమాండ్స్ ఆప్షన్ ఆన్ చేస్తే ఆ ఫైల్ పుడుతుంది. మేక్ వాడుతుంటే బేర్ అనే సాధనం ద్వారా బిల్డ్ నడపాలి. పైథాన్‌లోనూ ఇదే కథ. ఇంపోర్ట్ దొరకలేదంటే సర్వర్ మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను కాకుండా సిస్టమ్ పైథాన్‌ను చూస్తోందన్నమాట.

టెర్మినల్‌లో నడిచే సర్వర్ ఎడిటర్‌కు మాత్రం దొరకకపోతే పాత్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పేది) చూడండి. మ్యాక్‌లో డాక్ నుంచి తెరిచిన ప్రోగ్రామ్‌కు మీ షెల్ సెట్టింగులు అందవు. నిర్ధారించుకోవడానికి అదే ఎడిటర్‌ను ఒకసారి టెర్మినల్ నుంచి తెరిచి చూడండి, అప్పుడు పనిచేస్తే కారణం అదే.

గిట్ కమిట్ సందేశం కోసం కొత్త ఎడిటర్‌ను పెట్టగానే, ఖాళీ సందేశం కాబట్టి కమిట్ ఆపేశానని గిట్ అంటుంది. విండో తెరవగానే కమాండ్ ముగిసిపోవడం వల్ల మీరు రాయడం అయిపోయిందని అది అనుకుంటుంది. విజువల్ స్టూడియో కోడ్, సబ్‌లైమ్, జెడ్ మూడింటికీ వెయిట్ అనే ఆప్షన్ ఉంది. గిట్ సెట్టింగులో ఎడిటర్ పేరు పక్కన దాన్ని చేర్చాలి.

అన్నిటికన్నా అంతుపట్టనిది సేవ్ చేసే పద్ధతి. కొన్ని ఎడిటర్లు ఫైల్‌ను అక్కడికక్కడ తిరగరాయవు. కొత్త ఫైల్ రాసి, పాతదాని పేరు దానికి పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా ఫైల్ పాడవదు, మంచి పద్ధతే. కానీ ఫైల్ ఐనోడ్ (డిస్క్‌పై ఫైల్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) మారిపోతుంది. ఒక్క ఫైల్‌నే డాకర్ కంటెయినర్‌లోకి (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే పెట్టెలోకి) మౌంట్ చేసి ఉంటే, కంటెయినర్ పాత ఐనోడ్‌నే పట్టుకుని కూర్చుంటుంది, మీరు ఎన్నిసార్లు సేవ్ చేసినా లోపల మార్పు కనిపించదు. కొన్ని ఫైల్ వాచర్లూ ఇలాగే మోసపోతాయి. విమ్‌లో అయితే బ్యాకప్‌కాపీ సెట్టింగ్‌కు ‘యెస్’ ఇవ్వాలి. లేదా ఫైల్ బదులు ఫోల్డర్‌ను మౌంట్ చేయాలి, అది ఎడిటర్‌తో నిమిత్తం లేని మందు.

లైన్ ముగింపులు, ట్యాబులు కూడా తెలియకుండా మారతాయి. షెల్ స్క్రిప్ట్‌కు విండోస్ లైన్ ముగింపులు పడితే లైనక్స్‌లో ఇంటర్‌ప్రెటర్ దొరకలేదంటుంది. మేక్‌ఫైల్‌లో ట్యాబ్ స్థానంలో స్పేస్‌లు పడితే సెపరేటర్ లేదంటుంది. ప్రాజెక్టు మూలంలో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ పెట్టి ఇండెంట్, లైన్ ముగింపు, యూటీఎఫ్-8 అందులో రాసేయండి. నియోవిమ్, జెడ్, కేట్ దాన్ని నేరుగా చదువుతాయి. విజువల్ స్టూడియో కోడ్‌కు విడి ఎక్స్‌టెన్షన్ కావాలి.

కోడ్‌లో తెలుగు స్ట్రింగులు ఉంటే మరో పరీక్ష తప్పదు. ‘క్ష్మి’ తెరపై ఒక్క అక్షరం, ఫైల్‌లో ఆరు యూనికోడ్ సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. విండోలో నడిచే ఎడిటర్లు ఫాంట్ ఇంజిన్ సాయంతో దీన్ని చాలావరకు సరిగ్గా గీస్తాయి. ఈమాక్స్ 27 నుంచి హార్ఫ్‌బజ్ అనే ఫాంట్ ఇంజిన్ వాడుతోంది, తెలుగు టైపింగ్ పద్ధతులు కూడా దానిలోనే ఉన్నాయి. టెర్మినల్ మాత్రం తెరను సమానమైన గళ్లుగా కోస్తుంది. ఒత్తులు విడిపోతాయి, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం మరోచోట చెరుగుతుంది. ఇది విమ్, హెలిక్స్‌ల తప్పు కాదు, టెర్మినల్‌ది. అనువాద ఫైళ్ల పని ఎక్కువుంటే వాటికి విండో ఎడిటర్ ఒకటి పక్కన పెట్టుకోవడమే మేలు. విమ్ తరహా ఎడిటర్లలో ఇంకో ఇబ్బంది, తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా ఎస్కేప్ నొక్కితే ఆజ్ఞలేవీ పనిచేయవు. డీ బదులు తెలుగు అక్షరం వెళ్తుంది.

ప్రయత్నించేటప్పుడు పాతదాన్ని తీసేయకండి. రోజూ పనిచేసే ఒక్క ప్రాజెక్టును కొత్తదాంట్లో తెరిచి ఇవి చూడండి: ఒక ఫంక్షన్ నిర్వచనానికి వెళ్లడం, ఒక పేరును ప్రాజెక్టు అంతటా మార్చడం, ఒక బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగడం, మీ దగ్గరున్న అతి పెద్ద ఫైల్ తెరవడం. ఆ తర్వాత ఒకే ఒక్క లైన్ మార్చి సేవ్ చేసి గిట్ డిఫ్ తీయండి. ఒక్క లైనే కనిపిస్తే సరే. ఫైల్ మొత్తం మారినట్టు వస్తే లైన్ ముగింపులో, సేవ్ చేసినప్పుడల్లా నడిచే ఫార్మాటరో అడ్డొచ్చినట్టు. మార్పును వెనక్కి తిప్పి, ఆ సెట్టింగ్ ఆపిన తర్వాతే పని మొదలుపెట్టండి. ఫార్మాటర్ కావాలనుకుంటే దాని మార్పులన్నీ విడి కమిట్‌గా వేయండి.